పై తోటలో తొలి గుప్పెడు

మా వాగులో మొదటి రోజు సబ్బు నురగ కొట్టుకొచ్చింది. రెండో రోజు సిగరెట్ పెట్టెలు వచ్చాయి. మూడో రోజు వచ్చినవాటి గురించి తిండి దగ్గర చెప్పకూడదు. అప్పుడు నేను ఒడ్డున కూర్చుని కాఫీ గింజలు కడుగుతున్నాను. బుట్ట అక్కడే వదిలేసి పైకి నడిచి చూశాను. సరిగ్గా నీళ్ళు మా ఊరివైపు తిరిగే మలుపులో నాలుగు వందలమంది మగాళ్ళు గుడారాలు వేసుకుని, వాగునే దొడ్డిగా చేసుకున్నారు. పక్కనే కావలసినంత అడవి ఉంది. అయినా నీళ్ళే కావలసి వచ్చాయి. నేను అరిచాను. వాళ్ళు నవ్వారు, ఒకడు లేచి నిలబడి మరీ నవ్వాడు. ఆ ఏడాది కాఫీ ఎవరు తాగారో వాళ్ళకు నా నమస్కారాలు.

వాళ్ళ యుద్ధం మాది కాదు. కొండకు అవతల నికరాగ్వా, ఇవతల హోండురాస్, ఇవతలి అంచున హికరీతో అనే మా ఊరు. వాళ్ళు అవతలివాళ్ళు, తమ ప్రభుత్వం మీదే తిరగబడినవాళ్ళు. పోట్లాట వాళ్ళ దేశంతో, పడకా తిండీ మా దగ్గర. పొద్దున కొండ దాటి వెళ్ళి నాలుగు తూటాలు కాల్చి, పొద్దుగూకేలోపు మా చిక్కుడు చేలలోకి తిరిగొచ్చేవాళ్ళు. వాళ్ళమీద కోపంతో అవతలి సైన్యం వేసిన ఫిరంగి గుండ్లు మా ఇళ్ళమీద పడేవి. మా దేశానికి ఎవరితోనూ యుద్ధం లేదని రేడియోలో రోజూ చెప్పేవాళ్ళు. ఆబోతుల కొట్లాటలో లేగదూడల కాళ్ళు విరిగాయని సామెత. మా దగ్గర ఆబోతులు లేగల మేత కూడా తినేశాయి.

నలభై ఇళ్ళ ఊళ్ళో పదకొండు ఇళ్ళు మిగిలాం. మా ఇంట్లో నేను ఫిదెలీనాని, నోరు పెద్దదని పేరు. మా ఆయన తొరీబియో పూర్తిగా వేరు, నాలుగు మాటలాడితే అలిసిపోతాడు. మా అత్త త్రాన్సితోకి డెబ్భై రెండేళ్ళు. నోట్లో ఒక్క పన్ను లేదు గాని చుట్ట ఎప్పుడూ ఉంటుంది. పక్కింట్లో నిన్ఫా వదిన, వరసకు వదిన, ఒంటరిది. ఆమె భర్త చిక్కుళ్ళు కోస్తూ ఫిరంగి గుండుకు పోయాడు. ఏ వైపు వాళ్ళ గుండో ఇప్పటికీ తేలలేదు. తేలితే మాత్రం ఏం ఒరుగుతుంది?

మమ్మల్ని అంతకాలం బతికించింది పై తోట. మా మామగారు కొండ వీపు మీద, మంచు దిగే ఎత్తులో నాటిన కాఫీ అది. ఇంటి వెనక ఉన్న కింది తోట ఉప్పుకీ కిరసనాయిలుకీ సరిపోతుంది, అంతకుమించి ఏమీ రాదు. రెండేళ్ళ కిందట వాగు దగ్గర మొదట దిగిన ఆ పరాయి దండు పై తోటలో మందుపాతరలు పాతిపెట్టింది, ఎక్కడెక్కడ పాతారో ఎవరికీ చెప్పలేదు. ఆ సంగతి మాకు మా కుక్క పోయినప్పుడు తెలిసింది. అప్పట్నుంచి రెండు పంటలు చెట్లమీదే పండి, నల్లబడి, రాలి, నేలమీద మొలకెత్తాయి. ముళ్ళతీగ ఇవతల నిలబడి అది చూడటం కన్నా నాలుగు చెంపదెబ్బలు తినడం నయం. 

ఊరు వదిలినవాళ్ళు దాన్లీ పట్నం చివర ప్లాస్టిక్ పట్టాల కింద ఉన్నారు. తొరీబియో ఒకసారి వెళ్ళి చూసొచ్చాడు. ఒకప్పుడు పదిమందిని కోతకు పిలిచిన రైతులు డబ్బాలు పట్టుకుని నీళ్ళ బండి కోసం వరసలో నిలబడుతున్నారని చెప్పాడు. ఆఖర్న, "ఈ ఏడు గూడా పై తోట చేతికి రాకపోతే మనం గూడా ఆడికే," అన్నాడు. అంత పొడుగు మాట ఆయన మళ్ళీ ఆ ఏడాదంతా ఆడలేదు. అప్పట్నుంచి నా తలలో పై తోట తప్ప ఇంకో ఆలోచన లేదు.

మే నెలలో ఆ దండు వేరేచోటికి వెళ్ళిపోయి కొత్త దండు వచ్చింది. దాని నాయకుడి అసలు పేరు మాకెవరికీ తెలియదు. అందరూ గవిలాన్ అనేవాళ్ళు, అంటే డేగ. కోళ్ళ విషయంలో పేరు నిలబెట్టుకున్నాడు, వారం తిరిగేసరికి ఊళ్ళో కూసే పుంజు లేదు. నలభై ఏళ్ళుంటాయి. నున్నగా గీసుకున్న గడ్డం, మెడ దగ్గర అత్తరు వాసన. యుద్ధంలో అత్తరెందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మాట మాత్రం తేనె. నన్ను మీ ఇంటి మనిషిననుకోండమ్మా అనేవాడు, మనం అనుకునేలోపే వంటింట్లో ఉండేవాడు.

జూన్‌లో మా ఓల్విన్ పుట్టాడు. బిడ్డ పుట్టిన మూడో రోజే నాకు ఆ తెలివి పుట్టింది. ఆ తెలివిని ఇప్పుడు తల్చుకుంటే నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

మా దగ్గర జ్ఞానస్నానంలో చర్చి గురువు బిడ్డ తలమీద నీళ్ళు పోసేటప్పుడు ఎత్తుకునే మనిషి బిడ్డకు జ్ఞానతండ్రి. బిడ్డ అమ్మానాన్నలకు ఆయన కొంపాద్రే, ఆయనకు బిడ్డ తల్లి కొమాద్రే. అన్నదమ్ములు గట్టు కోసం కత్తులు దూసుకోవచ్చు, మొగుడూ పెళ్ళాలు పదేళ్ళు మాట్లాడుకోకుండా కాపురం చేయవచ్చు. కొంపాద్రేతో మాత్రం అలా కుదరదు. ఆయన అడిగింది కాదనకూడదు, ఆయనతో అబద్ధం ఆడకూడదు. కొంపాద్రేలు కొట్టుకున్న ఊళ్ళో వాన పడదని మా అమ్మ చెప్పేది. మా కొండల్లో మనుషులు మనుషుల్ని చంపుకోవడం చూశాను. కొంపాద్రేని మోసం చేసినవాణ్ణి మాత్రం అప్పటిదాకా చూడలేదు.

గవిలాన్‌ని కొంపాద్రేని చేసుకుంటే కోళ్ళు మిగులుతాయి, వాగు బాగుపడుతుంది, ఏదో ఒక రోజు పై తోట గురించి అడగొచ్చు. ఇదీ నా లెక్క. తొరీబియో రెండు రోజులు ఆలోచించి తల ఊపాడు. మా అత్త చుట్ట తీసి పక్కన పెట్టింది. ఏదైనా పెద్ద మాట అనబోయేటప్పుడే ఆమె చుట్ట తీస్తుంది.

"కొరివితో తల గోక్కుంటానంటే నేనేం జెప్పను అమ్మాయ్," అంది. "ఆ నీళ్ళు వాడి చేతుల్ని కడగవు. నీ బిడ్డ తల తడుస్తది, అంతే."

నీ కాలం వేరు అత్తా అన్నాను. పెద్దవాళ్ళ నోరు మూయించడానికి ఇంతకన్నా చవకైన మాట లేదు.

ఆగస్టులో గురువు కంచరగాడిద మీద వచ్చాడు. గవిలాన్ ఇస్త్రీ చేసిన బట్టల్లో వచ్చాడు. డబ్బాల్లో నిలవ ఉన్న పళ్ళు, బిడ్డకు వెండి గొలుసు, మా అత్తకు చుట్టల కట్ట తెచ్చాడు. కొవ్వొత్తి పట్టుకుని ప్రమాణం చెప్పేటప్పుడు ఏడ్చాడు. తనకూ కొండ అవతల ఈ వయసు బిడ్డ ఉన్నాడన్నాడు. ఊరంతా కళ్ళు తుడుచుకుంది. నేను అందరికన్నా ఎక్కువ తుడుచుకున్నాను. ఆయన కన్నీళ్ళు నిజమైనవే అయి ఉంటాయి, అదే ఇంకా అసహ్యం.

ఆ తర్వాత మూడు నెలలు నా రాజ్యం నడిచింది. వాగులో కూర్చునేవాళ్ళు దిగువకు మారారు. కోళ్ళను ఎత్తుకెళ్ళడం మానేసి అడిగి పట్టుకెళ్ళసాగారు. కోడికి తేడా తెలియదు గాని నాకు తెలిసేది. ఊళ్ళో ఎవరికి ఏం కావాలన్నా మా గుమ్మం ముందుకే వచ్చేవాళ్ళు. కంచరగాడిదను పట్టుకుపోయారనో, చేలో గుంట తవ్వుతున్నారనో చెప్పేవాళ్ళు. నేను కొంగు సర్దుకుని గుడారాల దగ్గరికి వెళ్ళి, కొంపాద్రే అని పిలిచి చెప్పేదాన్ని. సగం పనులు అయ్యేవి. ఫిదెలీనా లేకపోతే ఊరు లేదని నిన్ఫా వదిన నలుగురిలో అన్నది. నాకు ఎంత బాగుందో చెప్పడానికి ఇప్పుడు నోరు రావడం లేదు.

నవంబర్‌లో పై తోట ఎర్రబడింది. ముళ్ళతీగ దగ్గర నిలబడితే కొమ్మలు వంగిపోయి కనిపిస్తున్నాయి. మనిషి చెయ్యి పడకుండా రెండేళ్ళు వదిలేసినా కాసే చెట్లు అవి. ఇక ఆగలేక ఒక ఆదివారం గవిలాన్‌కి ఎర్ర చిక్కుళ్ళూ వేడి రొట్టెలూ పెట్టి, ఎదురుగా కూర్చుని అడిగాను. పై తోటలో మందుపాతరలు ఎక్కడున్నాయో మీకు తెలుసా, తెలిస్తే తీయించగలరా అన్నాను.

ఆయన చేతిలో రొట్టె పళ్ళెంలో పెట్టాడు. అది బాగా గుర్తు.

"అక్కడ ఏమీ లేవు కొమాద్రే. మేం వచ్చిన నెలలోనే అన్నీ తీసేశాం. మా కుర్రాళ్ళు రోజూ అక్కడే తిరుగుతున్నారు. ఓల్విన్ తలమీద పోసిన నీళ్ళ సాక్షిగా చెబుతున్నాను, నిశ్చింతగా కోసుకోండి."

మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేమని నేను అడగలేదు. మా ఆయన అడగలేదు. మా కొండల్లో ఎవరూ అడిగి ఉండరు. నీళ్ళ సాక్షిగా అన్న తర్వాత ఇంకో ప్రశ్న అడగడం, బిడ్డను మళ్ళీ వెనక్కి ఇమ్మన్నంత తప్పు. మా అత్త ఒక్కతే చుట్ట తీసి, మళ్ళీ నోట్లో పెట్టుకుంది. 

పదకొండు ఇళ్ళవాళ్ళం కలిసి కోద్దామనుకున్నాం. అందరి తోటలూ అందరం వరసగా, ముందు మాది. పాత బుట్టలకు కొత్త తీగ అల్లాం. గుజ్జు తీసే యంత్రానికి పట్టిన తుప్పును తొరీబియో మూడు రోజులు గీకాడు. గీకుతూ ఈల వేశాడు. పెళ్ళైన తొమ్మిదేళ్ళలో ఆయనకు ఈల వేయడం వచ్చని నాకు తెలియదు. దాన్లీ మాట మా ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

కోత మొదలయ్యే రోజుకు మాకో ఆచారం ఉంది. ఆ ఇంట్లో ఆఖరున నీళ్ళు పోయించుకున్న బిడ్డ జ్ఞానతండ్రి ఎవరో, ఆయనే తోటలోకి మొదటి అడుగు వేస్తాడు. తొలి గుప్పెడు పళ్ళు కోసి బిడ్డ చేతిలో పెడతాడు. బిడ్డ ఒకటి నోట్లో పెట్టుకుని మొహం చిట్లించి ఉమ్మేస్తే అందరం నవ్వుతాం, అప్పుడు మిగతావాళ్ళు లోపలికి వెళతారు. నేను గవిలాన్‌కి ముందే కబురు పంపాను. నిజంగా మర్యాద కోసమే పంపాను, మనసులో ఇంకేమీ లేదు. ఆరోజు పనుంది, మీరు మొదలుపెట్టుకోండి అని జవాబు వచ్చింది. నాకు మొహం చిన్నబోయింది, పనులున్న మనిషి కదా అని సర్దుకున్నాను.

డిసెంబర్ మొదటి సోమవారం పొద్దున అందరం కొండెక్కాం. బుట్టలు నడుములకు కట్టుకుని ముప్ఫై మంది దాకా ఉన్నాం. నిన్ఫా వదిన తన ఆవును కూడా వెంట తోలుకొచ్చింది. కింద వదిలేస్తే సిపాయిలు పాలు పిండేసుకుంటున్నారట. దాన్ని తీగ పక్కన కట్టేసింది. మంచు విడిచేసరికి, మేం అనుకోకుండా, గవిలాన్ వచ్చాడు. వెనక ఆరుగురు సిపాయిలు, వీపులమీద మూటలు, భుజాలకు తుపాకులు. దూరప్రయాణానికి బయల్దేరినవాళ్ళలా ఉన్నారు. పనుందన్నారు కదా అంటే, మిమ్మల్ని దీవించి పోదామని వచ్చానన్నాడు. నా కడుపు నిండిపోయింది.

తీగ తలుపు తీసి పక్కన నిలబడ్డాను. "కొంపాద్రే, ముందు మీరు," అన్నాను.

ఆయన నవ్వి, ఆ గౌరవం బిడ్డ తండ్రిదే అన్నాడు. తొరీబియో సిగ్గుపడుతూ ముందుకు కదిలాడు. మా అత్త చేతికర్ర అడ్డం పెట్టి, ఆగరా అంది. ఆచారం ఆచారమే అని నేనూ పట్టుపట్టాను. అప్పుడు గవిలాన్ మోకాలు నొప్పన్నాడు. ఆ మోకాలితోనే కొండంతా ఎక్కి వచ్చాడు. తర్వాత మా దేశంలో ఇలాంటి ఆచారం లేదన్నాడు. ఆ తర్వాత ఎవరైనా వెళ్ళి ఒక కొమ్మ విరిచి తెస్తే ఇక్కడే నిలబడి కోస్తానన్నాడు. నవ్వు మాత్రం తీయలేదు. జనం కూడా నవ్వుతూనే ఉన్నారు, కానీ నవ్వు పలచబడింది.

మా అత్త చుట్ట తీసింది. "మొదటి చెట్టు అదుగో నాయనా. నాలుగడుగులు. నీ కుర్రాళ్ళు రోజూ తిరిగే తావే గదా."

నేను ఓల్విన్‌ని ఆయన చేతుల్లో పెట్టాను. ఎందుకు పెట్టానో అడగకండి. ఆచారం ప్రకారం అప్పుడే పెట్టాలి, అందుకు పెట్టాను. కానీ పెడుతూ ఆయన మొహమే చూశాను, అదీ నిజమే.

"పిల్లాణ్ణి ఎత్తుకుని నాలుగడుగులు వెయ్యండి కొంపాద్రే. అంతే," అన్నాను.

ఆయన కదల్లేదు. బూట్ల ముందుభాగాలు తలుపు గీత దగ్గర ఆగిపోయి ఉన్నాయి. ఓల్విన్ ఆయన మెడలో పతకం పట్టుకుని లాగుతున్నాడు. ఆయన వాడివైపు చూడటం లేదు, చెట్టువైపూ చూడటం లేదు. నేలవైపు చూస్తున్నాడు. గడ్డిలోకి పాము దూరితే ఆ గడ్డివైపు మనం ఎలా చూస్తామో అలా చూస్తున్నాడు. అత్తరు వాసనలో చెమట వాసన కలిసింది. అప్పుడు నాకు తెలిసింది. ఆ నేలలో పాతరలు ఇంకా ఉన్నాయి, ఆ సంగతి ఆయనకు తెలుసు. నలుగురిలో పరువు కోసం ఆయన ఒక్క అడుగు వేసి ఉంటే? నా బిడ్డ ఆయన చేతుల్లో ఉన్నాడు. నేను లాక్కునేదాన్నా, లేక ఏమవుతుందో చూస్తూ నిలబడేదాన్నా?  జవాబు ఉందేమో, చెప్పుకోలేను.

"అరె, పిల్లాడు తడిపేశాడు," అని నవ్వుతూ ఆయన బిడ్డను నా చేతుల్లోకి నెట్టాడు.

నేను గుడ్డ తడిమి చూశాను. పొడిగా ఉంది. గుడ్డ విప్పి అందరికీ కనిపించేలా పట్టుకున్నాను. తొరీబియో నడుముకున్న బుట్ట ముడి విప్పి కింద పెట్టాడు. అతని పక్కవాడు పెట్టాడు. ఒక్కొక్కరే అందరూ పెట్టారు. 

"మా ఆయన్ని ముందు తోలదామనుకున్నారా కొంపాద్రే?" అన్నాను. గొంతు పెద్దది కాలేదు. మామూలుగా ఎంత మాటకైనా పెద్దదయ్యే గొంతు.

ఆయన సిగ్గుపడలేదు. కోప్పడనూ లేదు. వాన రాబోతోందని చెప్పినట్టు చెప్పాడు. "ఎవరో ఒకరు ముందు నడవాలి కదా కొమాద్రే. అవతలికి ఇదే దగ్గర దారి. ముందొచ్చినవాళ్ళు ఎక్కడ పాతారో మాకూ తెలియదు. మీ తోట మీకు తెలిసినట్టు మాకు తెలియదు కదా."

ముప్ఫై మంది రైతుల్ని వరసల్లో నడిపించి, ఎక్కడ పేలుతుందో చూసి, మిగిలిన దారిన తన ఆరుగుర్నీ పంపాలనుకున్నాడు. అందుకే మూటలు కట్టుకుని వచ్చారు. దీవించడానికి వచ్చాడట. 

మేం వెనక్కి తిరిగాం. అంతటితో అయిపోతుందనుకున్నాను. గవిలాన్ చుట్టూ చూసి, తీగ పక్కన కట్టేసి ఉన్న ఆవువైపు వేలు చూపించాడు. ఒక సిపాయి తాడు కోశాడు. నిన్ఫా వదిన పరుగెత్తి ఆవు మెడ కౌగిలించుకుంది. అరవలేదు, కాళ్ళు పట్టుకోలేదు. దాని పాలే మా ఇంట్లో తిండి అయ్యా, అది తప్ప ఇంకేం లేదయ్యా అని మెల్లగా చెబుతూనే ఉంది. వాళ్ళు ఆమెను పక్కకు తీసి కూర్చోబెట్టారు, కొట్టలేదు. తర్వాత కాఫీ కొమ్మలు విరిచి ఆవును తలుపులోంచి లోపలికి తరిమారు. తలుపుకు దూరంగా తీగ మీదకు వంగిన చెట్ల నుంచి విరిచిన ఆ కొమ్మల్నిండా పళ్ళున్నాయి. రెండేళ్ళలో మా తోటలో జరిగిన కోత అదొక్కటే.

ఆవు ఏమీ తెలియనట్టు వరసల మధ్య గడ్డి మేస్తూ వెళ్ళింది. ఆగినప్పుడల్లా రాళ్ళు విసిరారు. సిపాయిల్లో ఒకడు వరసలు పైకే లెక్కపెట్టాడు. నిన్ఫా వదిన రమ్మని పిలవబోతే ఒకడు ఆమె నోరు మూశాడు. ఆవు వెనక్కి తిరిగితే లెక్క పాడవుతుంది కదా. పదకొండో వరస దగ్గర పేలింది. పొగ తగ్గాక, వెనక కాళ్ళు రెండూ లేకుండా ముందు కాళ్ళతో లేవాలని చూస్తోంది. ఒకడు తుపాకీతో కాల్చాడు. పదకొండు వరకు ఫర్వాలేదు, అక్కణ్ణుంచి ఎడమకు తిప్పుదాం అని గవిలాన్ తన వాళ్ళతో అన్నాడు. దాని డెక్కల గుర్తుల్లోనే అడుగులు వేసుకుంటూ వెళ్ళి మాంసం కోసుకొచ్చారు. ఒక్క ముక్క కూడా వదల్లేదు.

మధ్యాహ్నం తొరీబియో మూటలు కట్టడం మొదలుపెట్టాడు. నేను ఎక్కడికని అడగలేదు. యంత్రానికి రాసిన నూనె ఇంకా ఆయన గోళ్ళలో ఉంది. అంత గీకిన యంత్రాన్ని ఏం చేయాలో తెలియక చాలాసేపు దాని ముందు నిలబడ్డాడు. మోసుకెళ్ళలేం, ఎవరికీ ఇవ్వలేం. ఊళ్ళోవాళ్ళు ఒకరిద్దరు వచ్చి, మాకు చేసిన మేలుకు దండం అని మా అత్తతో చెప్పి, నావైపు చూడకుండా వెళ్ళిపోయారు. బిడ్డను అడ్డం పెట్టి పరీక్ష చేసిన తల్లి అని వాళ్ళు వాకిట్లో అనుకోవడం నాకు వినిపించింది. తప్పేమీ అనలేదు. ముప్ఫై ప్రాణాలు మిగిల్చినందుకు దండం, మిగిల్చిన పద్ధతికి ఉమ్ము. రెండూ నాకు రావలసినవే.

అప్పుడే ఒక సిపాయి ఆవు ముందుకాలు ఒకటి, భుజం మాంసంతో సహా, అరటాకుల్లో చుట్టి తెచ్చాడు. కమాండర్ గారు కొమాద్రేకి ఇచ్చి రమ్మన్నారు, బాలింతకు బలమని చెప్పమన్నారు అన్నాడు. నేను తీసుకోలేదు. వాడు గుమ్మంలో పెట్టేసి పోయాడు. కుక్క లేదు కాబట్టి దాన్ని ఎవరూ ముట్టలేదు. ఈగలు ముసిరాయి. పెంటలో పారేద్దామని లేచాను. అది నిజంగా అనుకున్నాను, అప్పటికి అనుకున్నాను.

మా అత్త దానివైపు చూస్తూ కూర్చుంది. "మాంసం తిని ఆరు నెల్లయింది," అంది. 

తొరీబియో మూట వదిలి కత్తి తీసుకున్నాడు. నేను పొయ్యి అంటించాను. కర్రపెండలం, పచ్చి అరటికాయలు, కొత్తిమీర వేసి పెద్ద కుండ పెట్టాను. పొగలో పేలుడు మందు వాసన వచ్చింది, లేదా నాకు అలా అనిపించింది. కాసేపటికి ఆ వాసన పోయి మాంసం వాసన మిగిలింది, నోట్లో నీళ్ళు ఊరాయి. అంత జరిగిన రోజున నోట్లో నీళ్ళు ఊరడమంత రోత ఇంకోటి ఉంటుందా? తిన్నాం. ముగ్గురం మెత్తటి ముక్కలు ముందు ఏరుకుని తిన్నాం. పాలు బాగా వస్తాయని మా అత్త నాకు ఇంకోసారి వడ్డించింది. నేను కాదనలేదు.

నిన్ఫా వదిన పళ్ళెం పట్టుకుని గుమ్మంలోకి వచ్చేసరికి మేం వేళ్ళు నాకుతున్నాం. ఆమె కళ్ళు ఉబ్బి ఉన్నాయి, మొహం కడుక్కుని వచ్చింది. ఆమెకు ఒక్క ముక్క కూడా పంపలేదట. పంపాలన్న ఆలోచన మాకూ రాలేదు. పక్క ఇల్లే.

"నాకూ కొంచెం పెట్టు," అంది. "నాదే గదా."

కుండలో ఎముకలున్న ముక్కలే మిగిలాయి. అవే పెట్టి, పులుసు ఎక్కువ పోశాను. కూర్చోమంటే కూర్చోలేదు, నిలబడే తిన్నది. ఎముక చీకుతూ, ముదురు మాంసం, ఇంకాసేపు ఉడకాల్సింది అంది. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టడానికి కావలసిన మాటలన్నీ నేనే వెతికి పెట్టుకుని ఉన్నాను, ఆమె ఒక్కటీ వాడలేదు.

పళ్ళెం కడిగి పెట్టి, "తోలు వాళ్ళ కాడే ఉందంట," అంది. "చిరిగినా మంచం నులకకి పనికొస్తది. రేపు మీరు పోతన్నారు గదా, ఈలోపు ఆయన్ని అడిగి ఇప్పించు ఫిదెలీనా. నీ మాటైతే వింటాడు."

నేను వెళ్ళాను. గుడారం ముందు ఆయన గడ్డం గీసుకుంటున్నాడు. రండి కొమాద్రే అని స్టూలు జరిపాడు, ఓల్విన్ ఎలా ఉన్నాడని అడిగాడు. బాగున్నాడు కొంపాద్రే అన్నాను. తోలు అడిగాను. దయచేసి అని కూడా అన్నాను.